ఓడప్రక్కను వ్రేలాడు నిచ్చెన

మన ప్రాంతమునకు సముద్రము దూరము. కర్నూలునుండి గాని కడపనుండి గాని తూర్పుగా బయలుదేరినవాడు నల్లమలనో వెలికొండలనో దాటిననే తప్ప తీరమును చూడజాలడు. వానచుక్కకు మొగము వాచిన ఈ నేలమీద ఓడల ముచ్చట యెందులకని శ్రోతలు కొందరు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. దానికి సమాధానము మన గనులలోనే కలదు.

పాత కడప జిల్లాలోని మంగంపేటలో దొరకు ముగ్గురాయిని, అనగా బెరైటీసును, ఎఱుగనివారు మనలో అరుదు. నీటికంటె నాలుగు రెట్లకు మించిన బరువుగల రాయి అది. దానిని మెత్తగా పొడిచేసి, బురదనీటిలో కలిపి, చమురుబావులు త్రవ్వునపుడు ఆ రంధ్రములోనికి పంపుదురు. ఆ బురద బరువు లోపలి వాయువును, చమురును ఒక్కుమ్మడిగా పైకి చిమ్మకుండ అదిమిపట్టును. ఇట్లు మన ఊరి రాయి పరదేశపు చమురుబావికి కావలి కాయుచున్నది. ఆ రాయి మద్రాసు రేవున గాని, నెల్లూరు తీరమునగల కృష్ణపట్నము రేవున గాని ఓడలకెక్కును. ఓబులవారిపల్లెనుండి వెంకటాచలమువరకు, వెలికొండలలో సొరంగము తొలిచి వేసిన రైలుమార్గము 2019లో తెరువబడిన పిమ్మట కృష్ణపట్నము మన గనులకు మఱింత చేరువైనది.

సముద్రమును చేరవలెనను కోరిక మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఆర్థరు కాటను దొర ఊహలనుండి పుట్టిన మన కర్నూలు–కడప కాలువ సేద్యమునకేగాక పడవల రాకపోకలకు గూడ ఉద్దేశింపబడినది. అందులకై 1858లో మద్రాసు ఇరిగేషను కంపెనీ యేర్పడెను. సుంకేసుల ఆనకట్టనుండి బయలుదేరిన ఆ జలమార్గముపై పెట్టుకొన్న ఆశలు ఫలింపలేదు. కంపెనీ నష్టములలో మునుగగా 1882లో ప్రభుత్వమువారు ఆ కాలువను తామే కొనిరి. పడవల బేరము పోయినది, పైరులకు నీరు మిగిలినది. నాడు పడవలు చేయలేని పనిని నేడు రైళ్ళు చేయుచున్నవి.

రైలు చేరినంతమాత్రమున సరకు కడలి దాటదు. దానిని మోయవలసిన ఓడ మొదట రేవులోనికి రావలెను గదా! అట్లు వచ్చు ప్రతి పెద్ద ఓడయు రేవుముఖమునకు కొన్ని మైళ్ళ దూరమున వేగము తగ్గించి ఒక మనుష్యునికొఱకు ఎదురుచూచును. అతడు పైలటు. అతడు గాలిలో ఎగురు విమానమును నడుపు పైలటు గాడు. రేవు లోతులు, ఇసుకమేటలు, పోటుపాటుల వేళలు, గాలి మలుపులు అఱచేతి గీతలవలె ఎఱిగినవాడు. పూర్వపు నిఘంటువులలో ఇట్టివానికి అరకాటి యను మాట కనిపించును. మహాసముద్రములు దాటివచ్చిన కప్తానుకూడ చివరి రెండు మూడు మైళ్ళకు ఈ స్థానికుని మాటను చెవినిడవలసినదే.

మేము ఈ ప్రసంగమున చెప్పదలచినది పైలటు ఓడను నడుపు విధమును గూర్చి కాదు. అంతకు ముందటి నాలుగు నిముషములను గూర్చి. నడిసంద్రమున, నడచుచున్న ఓడమీదికి, ఎగసిపడుచున్న చిన్న పడవనుండి అతడు ఎట్లు ఎక్కును? పని ముగించి ఎట్లు దిగును? అతని వృత్తిలో ప్రాణాపాయమెల్ల ఆ నాలుగు నిముషములలోనే కలదు. దాని చరిత్ర మిక్కిలి ప్రాచీనము. అందులోని చిక్కు నేటికిని పూర్తిగా తీరలేదు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు మన సముద్రములను గూర్చి వ్రాసిన గ్రంథము ‘పెరిప్లసు’ అను పేర లభించుచున్నది. నేటి కృష్ణాతీర ప్రాంతమని పండితులు గుర్తించుచున్న ‘మసాలియా’ పేరు అందులో కలదు. అందులోనే నర్మదాముఖమున నున్న భరుకచ్ఛపు రేవును గూర్చి విపులమైన వర్ణన కలదు. ఆ నదీముఖమున మేటలు మెండు. పోటునీరు గుఱ్ఱపుడెక్కల చప్పుడువలె ఘోషించుచు వచ్చును. క్రొత్తవాడు దారి తప్పుట తథ్యము. అందుచేత రాజుగారి కొలువులోని బెస్తలు ‘త్రప్పగ’, ‘కొటింబ’ యను పెద్ద పడవలలో చాల దూరము ఎదురేగి, పరదేశపు ఓడలను కలిసికొని, మేటల నడుమనుండి రేవునకు చేర్చుచుండిరని ఆ గ్రంథకర్త వ్రాసెను. నేటి పైలటుపనికి ఇంతకంటె స్పష్టమైన ప్రాచీన సాక్ష్యము అరుదు. రేవును నమ్మి వచ్చిన ఓడకు ఎదురేగుట రాజ్యము యొక్క బాధ్యత యను భావము దాదాపు రెండువేల యేండ్లనాడే మన దేశమున నుండెనని దీనివలన తెలియుచున్నది.

ఆంధ్రదేశమునందును ఇట్టి బాధ్యతను వహించిన ప్రభువు గలడు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244–45 ప్రాంతమున వేయించిన అభయశాసనము ప్రసిద్ధము. తుపానుకు చిక్కి తీరమున పడిన ఓడల సరకును పూర్వరాజులు లాగుకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పించి, నిర్ణీతమైన సుంకము మాత్రమే గైకొని, తక్కినదెల్ల సొంతదారునకే చెందవలెనని శాసించెను. ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చువాని కష్టమును గుర్తించిన రాజనీతి అది. ఆ అభయము సరకునకు దొరికినది. ఓడను ఎక్కి దిగువాని కాలికి, చేతికి అభయమిచ్చు శాసనము పుట్టుటకు మఱి యేడువందల యేండ్లు పట్టెను.

ఈ నడుమ కాలమున మన తూర్పుతీరపు స్థితి యెట్టిదో కొంత చెప్పవలెను. గంజామునుండి మద్రాసువరకు ఓడలు నిలుచుటకు అనువైన సహజమైన రేవులు మిక్కిలి తక్కువ. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొని యుండెడివి. ఓడకును ఒడ్డునకును నడుమ వరుసవరుసలుగా విరుగు కెరటములు కాపుండెడివి. ఇంగ్లీషువారి బల్లకట్టు పడవలు ఆ కెరటములలో పడి ఇసుకకు తగిలినచో పెంకులవలె పగిలిపోయెడివి. ఇచ్చటి పల్లెకారులు మాత్రము ఆ చిక్కునకు తమ ఉపాయమును తామే కనిపెట్టుకొనిరి. అదియే మసూలా పడవ. దానిలో ఇనుపచీల ఒక్కటియు నుండదు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు; కుట్ల సందులలో గడ్డి కూరుదురు. నేలకు కొట్టుకొనినపుడు ఆ పడవ పగులక, తోలుసంచివలె కొంత వంగి, దెబ్బను తనలో ఇముడ్చుకొనును. బిఱుసుతనమున గాక ఒదుగుబాటున బలమున్నదని దానిని కుట్టినవారికి తెలియును.

ఓడనుండి మసూలా పడవలోనికి దిగుట ప్రయాణికులకు ఒక గండము. పడవ ఒక నిముషమున ఓడ అంచుకు ఎగసివచ్చును. మఱునిముషమున పాతాళమునకు జారిపోవును. పురుషులు త్రాటినిచ్చెన పట్టుకొని దిగి సమయము చూచి దూకెడివారు. స్త్రీలను, వృద్ధులను కుర్చీలో కూర్చుండబెట్టి, కప్పీమీద మోకు వేసి దించెడివారు. పడవ ప్రక్కనే తెప్పలు నడచెడివి. ఎవరైన నీట పడినచో తెప్పవారు దుమికి రక్షించెడివారు. అట్లు ప్రాణములు నిలిపినవారికి ప్రభుత్వమువారు పతకములు బహూకరించుటయు కలదు. శ్రోతలు ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. ప్రయాణములో అపాయకరమైన తావులు రెండు: ఒకటి ఒడ్డుదగ్గఱి కెరటము, రెండవది ఓడప్రక్క. మొదటిదానికి మసూలా పడవ సమాధానము చెప్పినది. రెండవదానికి త్రాడు తప్ప వేఱు సమాధానము అప్పటికి లేకుండెను.

ఉత్తరమున హుగ్లీనది కథయు ఇట్టిదే. కలకత్తాకు పోవు ఆ నదిలో మేటలు ఋతువుతోబాటు తావులు మార్చుచుండును. అందుచేత బెంగాలు పైలటు సర్వీసు అను పేర ప్రత్యేకమైన కొలువే యేర్పడెను. ఆ పైలటులు నదీముఖమునకు వెలుపల చిన్న తెరచాప ఓడలలో దినములకొలది కాచుకొనియుండెడివారు. పెద్ద ఓడ కనబడగానే తెడ్లపడవలో ఎదురేగి, దాని ప్రక్కను వ్రేలాడు త్రాటినిచ్చెనను అందుకొనెడివారు. పైలటు పేరు పుస్తకములకెక్కెను గాని, ఆ పడవకు తెడ్లు వేసిన లష్కర్ల పేర్లు ఎక్కడను నిలువలేదు. వారి తెడ్డు ఒక్కింత తప్పినచో పైలటు ఓడకును పడవకును నడుమ నలిగిపోవలసినదే.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కట్టుడు రేవులు వచ్చినవి. మద్రాసు రేవుకు 1875 డిసెంబరులో శంకుస్థాపన జరిగెను. గోడలు దాదాపుగా పూర్తియైన దశలో 1881 నవంబరు 12వ తేదీనాటి తుపాను వానిని చిందరవందర చేసెను. మరల కట్టిరి. మన తెలుగుతీరమున విశాఖపట్నము రేవు 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను ఓడ ప్రవేశముతో పనికి తెరువబడెను; అదే సంవత్సరము డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డను ప్రభువు దానికి లాంఛనముగా ప్రారంభోత్సవము చేసెను. డాల్ఫిన్సు నోసు కొండ చాటున ఇరుకైన కాలువను త్రవ్వి, లోపలి చిత్తడినేలను లోతుచేసి నిర్మించిన రేవు అది. ఆ ఇరుకుదారిలో ఓడను నడుపుటకు పైలటు లేక తీరదు. 1908నాటి భారత ఓడరేవుల చట్టమే 200 టన్నులు మొదలు పై ఓడలు, ఆ నిబంధన వర్తించు రేవులలో, పైలటు లేక ప్రవేశింపరాదు, వెడలరాదు, కదలరాదు అని నిర్దేశించెను. ఆ చట్టము స్థానమున 2025లో మన పార్లమెంటు క్రొత్త చట్టమును చేసెను.

కట్టుడు రేవులతో ఒడ్డుదగ్గఱి కెరటపు గండము గడచినది. మసూలా పడవ రేవుపనినుండి తప్పుకొని చేపలవేటకు పరిమితమయ్యెను. కాని ఓడప్రక్క గండము మాత్రము ఉన్నచోటనే యున్నది. ఏలయన, రేవెంత గొప్పదైనను పైలటు రేవు వెలుపలనే, గోడల చాటు లేని నీటిమీదనే ఓడనెక్కవలెను. తెరచాప పోయి ఆవిరి వచ్చెను. ఆవిరి పోయి డీజిలు వచ్చెను. కంటికి కనబడని దూరమునుగూడ పసిగట్టు రాడారు వచ్చెను. ఓడనెక్కు సాధనము మాత్రము త్రాటినిచ్చెనయే. రెండువందల యేండ్లనాటి పైలటు నేడు లేచివచ్చినచో ఓడలో ఏ యంత్రమును గుర్తుపట్టజాలడు గాని, ఈ నిచ్చెనను మాత్రము చూచినంతనే గుర్తించును.

ఆ యెక్కు విధమును కొంత వివరింతుము. ఓడకు నిలిచిపోవు వీలు లేదు. నిలిచినచో గాలి, నీరు దానిని ప్రక్కకు త్రోయును. అందుచేత గంటకు ఆఱు లేక ఎనిమిది నాటుల నెమ్మదివేగముతో నడచుచు, తన పెద్ద దేహమును గాలికి అడ్డముగా త్రిప్పును. అప్పుడు గాలి తగులని ప్రక్కన నీరు కొంత శాంతించును. కల్లమున ఎదురుగాలి వీచునపుడు గడ్డివామి మరుగున నిలుచున్నవారికి ఈ గాలిచాటు సంగతి తెలియనిది కాదు. ఆ చాటులోనికి పైలటు లాంచి వచ్చి ఓడతో సమానవేగముతో ప్రక్కనే పరుగెత్తును. పైలటు లాంచి ముందుభాగమున నిలుచును. అతని ప్రక్కనే సాయపువాడొకడు నిలుచును. లాంచి అలతోబాటు లేచును, దిగును. లేచి లేచి, ఇక దిగబోవు క్షణమున పైలటు అడుగు మార్చి నిచ్చెనను పట్టి, ఆగక రెండు మూడు మెట్లు పైకెక్కును. లాంచి దిగుచుండగా ఎక్కవలెను, లేచుచుండగా ఎక్కరాదు. లేచుచుండగా ఎక్కినచో లాంచియే పైకి వచ్చి అతని కాళ్ళను నలుపును. అతడెక్కినవెంటనే లాంచి దూరముగా తొలగును. దిగునపుడు ఇదియే తలక్రిందుగా జరుగును. అయితే దిగువాని కన్ను క్రిందికి సరిగా ఆనదు గనుక సాయపువాని కేకయే అతనికి కన్ను. మన తుంగభద్రలో పుట్టి యెక్కువారు గూడ అడుగు నడుమ వేయుటకు సరంగు మాటకై ఆగుదురు. అయితే పుట్టి అడుగున మోకాటిలోతు నీరుండవచ్చును. ఇచ్చట లోతునకు అంతు లేదు.

ఇక ఆ నిచ్చెన మాట. సముద్రమున ప్రాణరక్షణను గూర్చిన అంతర్జాతీయ ఒడంబడిక టైటానికు మునిగిన పిమ్మట 1914లో పుట్టినది. 1960నాటి ఒడంబడికలో పైలటు నిచ్చెనకు ప్రత్యేకమైన నిబంధన కలదు. 1974నాటి ఒడంబడికయు, దాని సవరణలును నేటికి ఆధారము. వానిని అనుసరించి 2011లో అంతర్జాతీయ నౌకాసంస్థవారు ఆమోదించిన వివరములు వినదగినవి. మెట్టునకును మెట్టునకును నడుమ దూరము 310 మొదలు 350 మిల్లీమీటర్లవరకు సమముగా నుండవలెను. క్రింది నాలుగు మెట్లు రబ్బరువై యుండవలెను. లాంచి తాకిడికి కొయ్య చీలును గదా. నిచ్చెన మెలిపడకుండ 1.8 మీటర్లకు తక్కువగాని పొడవైన అడ్డుపలకలు నడుమ నడుమ అమర్చవలెను. ప్రక్కమోకులు డెక్కుమీది గట్టియైన కొండీలకు బిగింపవలెను. దగ్గఱనే దీపముతో కూడిన తేలుడుచక్రము, విసరుత్రాడు సిద్ధముగా నుంచవలెను. రాత్రివేళ నిచ్చెన పొడుగునను వెలుతురు పడవలెను. అన్నింటికి మించి, ఓడ నడుపు గదితో మాటాడు సాధనముగల బాధ్యుడైన అధికారి యొకడు నిచ్చెనదగ్గఱ నిలిచి, పైలటు ఎక్కునంతవరకు కదలరాదు.

నీటికిని డెక్కునకును నడుమ ఎత్తు 9 మీటర్లు మించినచో కేవలము త్రాటినిచ్చెన చాలదు. ఓడప్రక్కకు ఏటవాలుగా దించు ఇనుపమెట్లను దానికి జతచేయవలెను. పైలటు త్రాటినిచ్చెనమీద కొంత ఎక్కి, ప్రక్కకు అడుగిడి ఇనుపమెట్ల నందుకొనును. మన ముగ్గురాయి కథ ఇచ్చట మరల ప్రవేశించును. సరకు ఎత్తుకొన వచ్చు ఓడ వట్టిదిగా వచ్చును. వట్టి ఓడ తేలికగా తేలును గనుక దాని ప్రక్కగోడ కోటగోడవలె ఎత్తుగా నిలుచును. లోపలికి తెచ్చు పైలటునకు నిచ్చెన పొడుగు. ముగ్గురాయి వంటి బరువుసరకు నింపిన పిమ్మట గిడ్డంగి సగమైన నిండకమునుపే ఓడ తన గీతవరకు దిగును. వెలుపలికి తీసికొనిపోయి దిగు పైలటునకు నిచ్చెన పొట్టి. మంగంపేట రాయి బరువు ఒక మనుష్యుడు దిగవలసిన మెట్లను తగ్గించుట వింతగాదా!

ఇంత వివరమైన నిబంధనలుండగా ఇక అపాయమెక్కడిదని అనవచ్చును. అపాయము నిబంధనలలో లేదు, ముడిలో ఉన్నది. నిచ్చెనను కట్టువాడు ఓడలోని కలాసి. ఆతడు పైలటును ఎన్నడును చూచియుండడు. పైలటు ఆతనిని ఎఱుగడు. వారిరువురి భాషలు వేఱు కావచ్చును. కలాసి తొందరలోనో, అలసటలోనో, తెలియకనో మోకును బలహీనమైన కమ్మికి కట్టవచ్చును. మోకులను బిగించుటకు మాఱుగా మెట్లను కొక్కెమునకు తగిలింపవచ్చును. కొబ్బరిపీచు వంటి నారత్రాడు ఎండకు, ఉప్పుగాలికి లోలోపల కుళ్ళి, పైకి బాగుగనే కనిపింపవచ్చును. క్రిందనున్న పైలటునకు ఈ ముడి కనబడదు. అతడు దానిమీద తన బరువును మోపిన పిమ్మటనే దాని గుణము తెలియును. 2019 డిసెంబరు 30న న్యూయార్కు రేవు వెలుపల అనుభవశాలియైన పైలటొకడు పెద్ద కంటైనరు ఓడ నెక్కుచు నిచ్చెననుండి పడి మరణించెను. ఇనుపమెట్ల అడుగున ద్వారము పెట్టి, అందులోనుండి త్రాటినిచ్చెనను దించు ఏర్పాటు ఆ ఓడలో నుండెను. ఆ ఏర్పాటును గూర్చి పైలటులు అంతకుముందే అభ్యంతరములు చెప్పియుండిరి. 1970లో ఏర్పడిన అంతర్జాతీయ పైలటుల సంఘమువారు ఏటేట లోకమందలి రేవులలో నిచ్చెనలను పరీక్షించుచున్నారు. లోపములు దొరకని సంవత్సరము లేదు.

యంత్రముతో ఈ చిక్కును తీర్పరాదా యని అడుగవచ్చును. ప్రయత్నము జరిగినది. పైలటును పైకి లాగు యంత్రపు ఎత్తుడుపరికరములు కొన్నాళ్ళు వాడుకలో నుండెను. అవి నడుమ నిలిచిపోవుట, తెగుట సంభవించుటచే 2012 జూలై 1నుండి వానిని నిషేధించిరి. యూరపులోని కొన్ని రేవులలోను, అమెరికాలోని కొలంబియా నదీముఖమునను హెలికాప్టరునుండి పైలటును దించుచున్నారు. జర్మనీలోని ఎల్బా ముఖమున జంటపొట్టల లాంచీలను వాడుచున్నారు. అవి అలలకు తక్కువగా ఊగును. ఇవి మిక్కిలి వ్యయముతో కూడినవి. అన్ని రేవులకు, అన్ని ఓడలకు అందునవి గావు. త్రాటినిచ్చెన మాత్రము చుట్టచుట్టి మూలను పెట్టుకొనవచ్చును, విద్యుత్తు కోరదు, ఓడ ఒరిగినపుడు తానును ఒరగును. మసూలా పడవవలెనే ఇదియు వంగుటచేత నిలిచిన వస్తువు. దానిని తీసివేయుటకంటె సరిగా కట్టుటయే మేలని లోకము నిశ్చయించుకొన్నది. ఆ దృష్టితోనే 2025 జూనులో అంతర్జాతీయ నౌకాసంస్థవారు నిబంధనలను మఱింత బిగించిరి. నిచ్చెనలను నియతమైన కాలమునకు మించి వాడరాదనియు, తనిఖీల వివరములు వ్రాసియుంచవలెననియు వానిలోని సారము. అవి 2028 జనవరి 1నుండి అమలునకు రావలసియున్నవి.

ఈ మార్పులను గూర్చి వినునపుడు మన మెట్టప్రాంతపువారికి తోచవలసిన మాట యొకటి కలదు. మనకు ఓడలు తెలియవు గాని బావులు తెలియును. కపిలబావులు త్రవ్వించిన తరము, ఏటేట పూడిక తీయించిన తరము మన యిండ్లలో నిన్నటిదాక ఉన్నది. పది మట్ల లోతునకు మోకు పట్టుకొని దిగువానికి క్రింద చీకటి, పైన ఆకాశపు బిళ్ళ. అతని ప్రాణము గట్టుమీద నిలిచినవాని చేతిలో ఉన్నది. ఆ కారణముచేతనే మన పెద్దలు బావిలోనికి దిగువానికంటె గట్టుమీద నిలుచువానిని ఎన్నుకొనుటలో ఎక్కువ జాగ్రత్త వహించిరి. చూపు చెదరనివానిని, మాట పట్టింపుగలవానిని అచ్చట నిలిపిరి. మోకును ముందురాత్రియే దీపము వెలుగున మూర మూర తడిమి చూచిరి. బావి అంచున మోకు ఒరయకుండ కొయ్యదుంగ వేసిరి. ఇవేవియు చట్టములో వ్రాసియుండలేదు. ఒకరిద్దరి ప్రాణములు పోయిన పిమ్మట ఊరు నేర్చుకొన్న పాఠములవి.

సముద్రముమీద ఊరు లేదు. గట్టుమీద నిలుచువాడు ఒక దేశమువాడు, దిగువాడు మఱియొక దేశమువాడు, ఓడ మూడవ దేశపు జెండా క్రింద నడచుచుండును. అందుచేతనే ఊరి కట్టుబాటునకు బదులుగా అంతర్జాతీయమైన ఒడంబడిక అవసరమయ్యెను. మిల్లీమీటర్లలో వ్రాసిన ఆ నిబంధనలు చదువుటకు పొడిగా తోచవచ్చును. వాని వెనుక ఎక్కడనో ఒక రేవు వెలుపల జారిన పాదము, తిరిగి యింటికి రాని మనుష్యుడు కలడని గ్రహించినచో ఆ అంకెలు వేఱుగా వినిపించును. అంకెలు వ్రాయుట కార్యాలయముల పని. వానిని పాటించుట మాత్రము డెక్కుమీద నడిరాత్రి నిలిచిన కలాసి పని. అతనికి శిక్షణ ఇచ్చి, నిద్రకు వ్యవధి ఇచ్చి, క్రొత్తమోకు కొనియిచ్చుట ఓడ యజమాని పని. లోపము కనబడినచో ఎక్కనని నిలుచు పైలటునకు అండగా నిలుచుట రేవు అధికారుల పని. ఆలస్యమైన గంటకు ఇంత సొమ్మని లెక్కగట్టు వ్యాపారమున ఆ నిరాకరణము సులభము గాదు. కాబట్టియే ఆ అండ అత్యవసరము.

గణపతిదేవుని శాసనము సరకునకు అభయమిచ్చినది. నేటి శాసనములు మనుష్యునకు అభయమిచ్చుచున్నవి. ఆ అభయము తుదకు ఒక ముడిలో నిలిచియున్నది. మంగంపేటనుండి ముగ్గురాయి బండ్లు తూర్పుముఖముగా సాగిపోవుచుండగా చూచు శ్రోతలు, ఆ రాయిని కడలి దాటించు పనిలో ఇట్టి మనుష్యుడొకడు, అతనికై ముడివేయువాడు మఱియొకడు ఉన్నారని తలచుకొనిన చాలును. దూరమనుకొన్న సముద్రము కొంత దగ్గఱయగును.